సమాధానం: కంట్రోలర్ విప్పకుండానే వెనక బటన్లు

షూటింగ్ ఆటల్లో గురిపెడుతూ దూకాలంటే, బటన్ నొక్కడానికి కుడి బొటనవేలు గురిపెట్టే స్టిక్ వదలాల్సి వస్తోందన్నారు కదా. మీది డ్యుయల్‌షాక్ 4 (ప్లేస్టేషన్ 4 కంట్రోలర్) కాబట్టి ఖరీదైన ప్రో కంట్రోలర్ అక్కర్లేదండీ, 2020లో సోనీ తెచ్చిన బ్యాక్ బటన్ అటాచ్‌మెంట్ చాలు, కంట్రోలర్ వెనక మిగతా వేళ్లకు అందేలా రెండు బటన్లు చేరుస్తుంది. కంట్రోలర్ కింది అంచున ఉండే ఈఎక్స్‌టీ పోర్టులో గుచ్చడమే. విడిగా ఛార్జింగ్ గొడవ లేదు, హెడ్‌ఫోన్ దానికే తగిలించుకోవచ్చు.

అటాచ్‌మెంట్ మీద ఉండే గుండ్రటి స్క్రీన్‌ని కాస్త నొక్కిపట్టి, తర్వాత వెనక బటన్ నొక్కుతూ పోతే దానికి ఏ పని అప్పగించాలో ఒక్కొక్కటే కనిపిస్తుంది. మొత్తం 16 ఎంపికలు ఉంటాయి, మీ అమరికల్ని 3 ప్రొఫైళ్లుగా దాచుకోవచ్చు. నేనైతే ఎడమ దానికి ఎక్స్, కుడి దానికి సర్కిల్ పెడతాను. షూటింగ్ ఆటల్లో ఎక్కువగా దూకడానికీ వంగడానికీ అవే కదా. మొదట్లో పట్టు బిగిసి, వెనక బటన్లు నొక్కుకుపోయి ఆటలో ఊరికే గెంతుతుంటారు, కంగారుపడకండి.

తర్వాత పీఎస్5కి మారే ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. దాని కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌లో ఆ ఈఎక్స్‌టీ పోర్టే లేదు, కాబట్టి ఇది దానికి పట్టదు.