తాతయ్యకు పార్కిన్సన్స్, మనవరాలికి జెనెటిక్స్ మీద ఆశ

ప్రశ్న: మాది పలాస దగ్గర ఊరు, జీడిపప్పు వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా నాన్నగారికి పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు. పద్దు పుస్తకంలో ఆయన రాత చిన్నదైపోతోందని మొదట గమనించింది అమ్మాయే. ఆ జబ్బుకు ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జీన్ కారణమని చదివి, జెనెటిక్స్ చేస్తానంటోంది. ప్రైవేటు కాలేజీలో బీటెక్ బయోటెక్నాలజీ మేలా, బీఎస్సీ మేలా? రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఇబ్బంది రాకుండా పాపకు జీన్ టెస్టు చేయించమంటారా?

జవాబు: మీరు కోర్సు అడిగారు గానీ, మీ టెన్షన్ అంతా చివరి వాక్యంలో ఉంది. ఇంట్లో ఒకరికి జబ్బు వస్తుంది, పిల్లలు దాని గురించి చదువుతామంటారు, పిల్లలకూ అది వస్తుందేమోనని పెద్దవాళ్లకు లోపల దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. అందుకే ముందు ఆ దిగులు సంగతే చూద్దాం.

ఎల్‌ఆర్‌ఆర్‌కే2 మనందరిలోనూ ఉండే జన్యువే, 12వ క్రోమోజోమ్ మీద. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ ఒక కైనేజ్. అంటే వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పని తీరు మార్చే ఎంజైమ్. కణం లోపల సరుకు మోసే చిన్న సంచులకు దారి చూపే ర్యాబ్ ప్రోటీన్లు దీని అదుపులో ఉంటాయి. ఈ కైనేజ్‌లో 2527 అమైనో ఆమ్లాలు. వాటిలో 2019వ చోట గ్లైసిన్ బదులు సెరీన్ వచ్చిందంటే దాని జోరు పెరుగుతుంది, కణంలో చెత్త ఎత్తే పని కుంటుపడుతుంది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది మెదడులో డోపమైన్ అనే, కదలికలను అదుపుచేసే రసాయనాన్ని తయారుచేసే కణాలు. ఈ జన్యువుకూ ఆ జబ్బుకూ సంబంధం ఉందని 2004లో తేలింది. స్పెయిన్‌లోని బాస్క్ కుటుంబాల్లో కూడా దొరికింది కాబట్టి, వాళ్ల భాషలో వణుకు అనే మాట తీసుకుని ఆ ప్రోటీన్‌కు డార్డరిన్ అని పేరు పెట్టారు.

మీకు కావాల్సిన ముక్క ఇది. పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక్క జన్యువు కారణం కాదు. నేను చెప్పిన మార్పు ఉత్తర ఆఫ్రికా అరబ్బుల్లో, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ఎక్కువ. మన దేశంలో చాలా అరుదు. అది ఉన్నవాళ్లందరికీ కూడా జబ్బు రాదు. తాతకు వచ్చింది కాబట్టి మనవరాలికి రాసిపెట్టి ఉందని అనుకోవద్దు.

టెస్టు మాత్రం వద్దు. పెద్ద వయసులో వచ్చే జబ్బుకు, ముందుగా ఆపే మందు లేనప్పుడు, మైనర్ పిల్లలకు జన్యు పరీక్ష చేయించకూడదనే జెనెటిక్స్ డాక్టర్లు చెబుతారు. సందేహం తీరకపోతే నాన్నగారిని చూసే న్యూరాలజిస్టును అడగండి. పరీక్ష అవసరమైనా జబ్బున్న మనిషితో మొదలుపెడతారు. పిల్ల చదువుకుంటానంటే పెళ్లివారి కోసం రక్తం తీయిస్తానంటారా? కోపం తెచ్చుకోకండి, ఆ మాట చదివి నాకు బాధ కలిగింది. ఆ మాట పాప చెవిన పడనివ్వకండి.

ఇక కోర్సు. ప్రైవేటు కాలేజీల బీటెక్ బయోటెక్నాలజీ మీద నా అనుమానం దాచను. బ్రోచర్ నిండా జెనెటిక్ ఇంజినీరింగ్, ఏఐ. నేను వెళ్లి చూసిన ఒక కాలేజీలో డీఎన్‌ఏకు కాపీలు తీసే పీసీఆర్ మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంది, ఆ గుడ్డ మీద దుమ్ము. మూడో సంవత్సరం పిల్లలెవరూ దాన్ని ముట్టుకోలేదు. అలాంటి చోట చదివినవాళ్లు నాలుగేళ్లయ్యాక మెడికల్ కోడింగ్ నేర్చుకోమంటారా, సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారా అని నా దగ్గరకొస్తారు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌కు కెమిస్ట్రీ పిల్లలతో పోటీ పడాలి. జన్యువుల మీద పరిశోధన చేయాలంటే బీటెక్ తర్వాత కూడా పీజీ, పీహెచ్‌డీ దారి పట్టాల్సిందే. దానికోసం అప్పు చేసి లక్షల ఫీజు కట్టకండి.

ల్యాబ్ బాగున్న కాలేజీలో బీఎస్సీ చేసి, ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేయొచ్చు. మీకు విశాఖ కన్నా ఒడిశాలోని బరంపురమే దగ్గర, అక్కడ ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది. అయితే బైపీసీ పిల్లలకు అక్కడ లెక్కలు గట్టిగానే తగులుతాయి, ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి. పీహెచ్‌డీ దాకా పదేళ్లు పట్టొచ్చు. కానీ అన్నేళ్లూ మీరే పోషించాలని లేదు. పరిశోధన చేసే పిల్లలకిచ్చే జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు.

ఆ పద్దు పుస్తకం సంగతి మీరు మామూలుగా రాసేశారు. వరుస మొదట్లో సరిగ్గా ఉన్న అంకె చివరికి చీమంత కావడం పార్కిన్సన్స్ తొలి గుర్తుల్లో ఒకటి. ఇంట్లో ఇంతమంది ఉండగా పాప కంటికే అది కనపడింది. పాత పద్దు పుస్తకాలు అమ్మేయకండి. ఈసారి నాన్నగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు పాపనూ వెంటబెట్టుకెళ్లండి. రాత ఏ నెల నుంచి మారిందో ఆ పుస్తకాలు తెరిచి తనే చూపిస్తుంది.