బుల్లి ఆవిరి ఇంజన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో మామోడ్ ఎస్‌ఎల్1 అనే ఆవిరి బొమ్మ రైలింజన్ కొన్నాను. 32 మి.మీ. పట్టాల మీద ఒంటరిగా చక్కగా పరుగెడుతుంది, రెండు పెట్టెలు తగిలిస్తే నిలబడిపోతుంది. గ్యాస్ బర్నర్ పెట్టిస్తే బలం వస్తుందా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఇప్పుడే బర్నర్ మీద డబ్బు పెట్టకండి. ముందు సిలిండర్ల దగ్గర ఆవిరి లీకవుతోందేమో చూడండి. ఈ ఇంజన్‌లో సిలిండర్లకు విడిగా వాల్వులు ఉండవు. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ, తన రంధ్రాన్ని ఎదుటి బ్లాకు రంధ్రాలతో కలుపుకుని ఆవిరి తీసుకుంటుంది, వదిలేస్తుంది. ఆ రెండు ముఖాలను ఒకచోట పట్టి ఉంచేది చిన్న స్ప్రింగ్ ఒక్కటే. మధ్యలో వెంట్రుకవాసి సందున్నా ఆవిరి పిస్టన్‌ను తొయ్యకుండా పక్కనుంచి పోతుంది. ఆవిరి ఎక్కాక మందపాటి గ్లవుజు వేసుకుని ఇంజన్‌ను కదలకుండా పట్టుకోండి. సిలిండర్ అంచున నూనె నురగ బుడబుడలాడితే లీకు అక్కడే.

చల్లారాక సిలిండర్ విప్పండి. ముఖం మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. చదునైన ప్లేటు మీద 1000 నంబరు వాటర్ పేపరు పరిచి, రెండు చుక్కల నూనె వేసి, తేలికగా గుండ్రంగా రుద్దండి. ముఖం మధ్యలో పివట్ పిన్ను (సిలిండర్ ఊగడానికి ఆధారమైన కడ్డీ) పొడుచుకుని ఉంటే ప్లేటుకూ పేపరుకూ దానికన్నా పెద్ద బెజ్జం వెయ్యాలి. లేకపోతే ముఖం వంకరగా అరుగుతుంది, అసలుకే మోసం. గీతలన్నీ ఒకేసారి చెరిగితే ముఖం చదునైనట్టే. ఒక మూల మిగిలితే అక్కడ గుంట ఉంది, ఇంకా రుద్దాలి. బ్లాకు ముఖానికీ ఇదే పని, పేపరు చుట్టిన చిన్న చదును ముక్కతో. తర్వాత కిరోసిన్‌తో శుభ్రంగా కడగండి, రంధ్రాల్లో పొడి మిగలకూడదు. స్ప్రింగ్‌ను లీకు ఆగేంతవరకే బిగించండి. మరీ బిగిస్తే సిలిండర్ ఊగడానికే ఉన్న బలమంతా ఖర్చవుతుంది.

ఫిల్లర్ ప్లగ్ (బాయిలర్‌లో నీళ్ళు పోసే చోటి మూత) దగ్గర ఆవిరి కారుతుంటే జేసీ రోడ్డు ఆటో విడిభాగాల దుకాణాల్లో వైటాన్ ఓ-రింగ్ (వేడిని తట్టుకునే రబ్బరు రింగు) అని పేరు పెట్టి అడగండి. మామూలు నైట్రైల్ రింగు ఈ వేడికి త్వరగా గట్టిపడి పగులుతుంది.

ఇంత చేశాక కూడా చాలకపోతే అప్పుడు గ్యాస్ పెట్టించుకోండి. కానీ నీళ్ళు అయిపోకముందే గ్యాస్ అయిపోవాలి, ఆ కొలత మొదటి రోజే తేల్చుకోండి. తగరం-సీసం టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, బాయిలర్ ఎండితే అతుకులు ఊడిపోతాయి. బలం కోసం సేఫ్టీ వాల్వు స్ప్రింగ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బిగించకండి.

ప్రశ్న: బెంగళూరు ఎత్తు వల్ల ఆవిరి బలం తగ్గుతుందా? బోరు నీళ్ళు పోయొచ్చా?
– ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం

జవాబు: తగ్గదు. ఊరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయితే సేఫ్టీ వాల్వు తెరుచుకునేదీ, పిస్టన్ కదిలేదీ లోపలి ఒత్తిడికీ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టే. గాలి దాదాపు పదో వంతు పలచన కనుక గ్యాస్ మంట పసుపుగా వస్తే గాలి రంధ్రం కొంచెం తెరవండి. బోరు నీళ్ళు వద్దే వద్దు, లోపల సున్నం పొర కట్టి వేడిని అడ్డుకుంటుంది. వడకట్టిన వాన నీళ్ళు మేలు.

ప్రశ్న: లూబ్రికేటర్‌లో (ఆవిరిలో నూనె కలిపే బుల్లి డబ్బా) కుట్టుమిషన్ నూనె పోస్తున్నాను. సరేనా?
– ఒక పాఠకుడు, హోసూరు రోడ్డు

జవాబు: అది ఇరుసులకు వాడుకోండి. సిలిండర్లోకి వెళ్తే తడి ఆవిరి దాన్ని క్షణాల్లో కడిగేస్తుంది. 460 గ్రేడు స్టీమ్ సిలిండర్ ఆయిల్ కావాలి. లూబ్రికేటర్‌లోకి వచ్చిన ఆవిరి నీరై అడుగుకు దిగుతుంది, పైనున్న నూనెను కొద్దికొద్దిగా ఆవిరి గొట్టంలోకి నెడుతుంది. అందుకే ప్రతి పరుగు తర్వాత, ఒత్తిడి పూర్తిగా దిగాక, అడుగు నీటిని సిరంజితో లాగేసి మళ్ళీ నూనె నింపాలి. సిరంజిలో నీళ్ళేమీ రాకపోతే ఆవిరి అక్కడిదాకా చేరడం లేదన్నమాట. గొట్టానికి ఉన్న సన్నటి రంధ్రాన్ని పలచటి రాగి తీగతో శుభ్రం చేయండి.