చేతులు అదిరిపడుతుంటే చర్మం ముక్క ఎందుకు?

ప్రశ్న: మా అన్నయ్య కూతురికి 14 ఏళ్లు. పొద్దున్నే చేతులు ఉలిక్కిపడ్డట్టు అదిరి గ్లాసు జారిపోతోంది. ఫిట్స్ కూడా వస్తున్నాయి, చదువూ మందగించింది. లఫోరా వ్యాధి కావచ్చని, గ్లైకోజెన్ పేరుకుపోవడమే కారణమని చెప్పి, చంకలో చర్మం ముక్క తీస్తామన్నారు. మెదడు జబ్బుకు చర్మం ఎందుకు? అన్నం మాన్పిస్తే తగ్గుతుందా? వాళ్లది మేనరికం.
– ఓ మేనత్త, తెనాలి

జవాబు: గ్లైకోజెన్ అంటే గ్లూకోజు గొలుసులు కొమ్మలుగా అల్లుకున్న ఉండ. ఒక్కో కొమ్మలో సుమారు 13 గ్లూకోజులు. కొమ్మలు పొట్టిగా ఉన్నంతకాలం ఉండ నీళ్లలో కరిగే ఉంటుంది. దాన్ని అలా ఉంచడానికి లాఫోరిన్ అనే ప్రోటీన్ కావాలి. గ్లైకోజెన్‌ను పట్టుకునే భాగం దానికి ఒకటుంది. దాంతో ఉండను అంటిపెట్టుకుని, మాలిన్ అనే మరో ప్రోటీన్‌ను అక్కడికి తెచ్చుకుంటుంది. ఈ రెండింట్లో ఏది పాడైనా గొలుసులు బారుగా పెరిగి, మెలికపడి, కరగని ముద్దలవుతాయి. 1911లో స్పెయిన్ వైద్యుడు లఫోరా చూసింది వీటినే. లాఫోరిన్‌కు ఫాస్ఫేటును తొలగించే పని కూడా ఉంది. కానీ ఎలుకల్లో ఆ పని పోయినా పట్టు నిలిచినంతవరకు ముద్దలు కట్టలేదు. కాబట్టి అసలు కీలకం ఆ పట్టే.

ఈ ముద్దలు నాడీకణాల్లోనే కాదు, చెమట నాళాల కణాల్లోనూ చేరతాయి. అందుకే మెదడు జోలికి పోకుండా చర్మంలో వెతుకుతారు. పి.ఎ.ఎస్. రంగు వేస్తే అవి ముదురు గులాబీగా కనిపిస్తాయి. డయాస్టేజ్ ఎంజైమ్‌తో మామూలు గ్లైకోజెన్ కరిగిపోతుంది, ముద్దలు మాత్రం మిగులుతాయి. చంకతో ఒక చిక్కుంది: అక్కడి అపోక్రైన్ అనే రకం చెమట గ్రంథుల్లో ఆరోగ్యవంతులకూ అదే రంగు పట్టే రేణువులుంటాయి, పొరబడే వీలుంది. ముంజేతి నుంచి తీయవచ్చేమో అడగండి. ముద్దలు కనిపించకపోయినా జబ్బు లేదని తేలినట్టు కాదు. లాఫోరిన్‌ను తయారుచేయించే ఈపీఎం2ఏ, మాలిన్‌ను తయారుచేయించే ఎన్‌హెచ్‌ఎల్‌ఆర్‌సీ1 జన్యువులు రెండింటినీ పరీక్షించాలి.

అన్నం మాన్పించకండి. తినకపోయినా కాలేయం గ్లూకోజు తయారుచేసి మెదడుకు పంపుతూనే ఉంటుంది. పిల్ల నీరసించడం తప్ప ఒరిగేదేమీ లేదు.

తల్లిదండ్రులిద్దరూ చెడిన జన్యువును మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికంలో ఒకే చెడిన జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. జబ్బు రుజువైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం. తోబుట్టువులుంటే జన్యు సలహా నిపుణులను కలవండి.

ఈ జబ్బును నయంచేసే మందు ఇంకా లేదు, ఆ మాట దాచి లాభం లేదు. అదురుళ్లను, ఫిట్స్‌ను అదుపు చేసే మందులున్నాయి. ఇప్పుడు వాడుతున్నది కార్బమజెపిన్ గానీ ఫెనిటాయిన్ గానీ అయితే ఈ వారమే నాడీవైద్యుడికి చెప్పండి, వాటితో అదురుళ్లు పెరగవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపవద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు.