కెబ్నెకైసె ఎక్కాలనుకునే తమ్ముడికి: ముందు ఆ రూపాయల లెక్క మానెయ్

తమ్ముడూ, స్వీడన్ వచ్చి ఏడాది తిరక్కుండానే ఇక్కడ అన్నిటికంటే ఎత్తైన కొండ కెబ్నెకైసె ఎక్కుతానంటున్నావు, సంతోషం. ఇన్సూరెన్స్, టెంటు ఎక్కడ వేసుకోవచ్చు లాంటివన్నీ సైట్లలో ఉంటాయి, చదువుకో. నీ ప్రశ్నలన్నీ మాత్రం "ఎంతవుతుందన్నా" దగ్గరే తిరుగుతున్నాయి. ఆ జబ్బు నాకూ ఉండేది కాబట్టి దాని గురించే రాస్తాను.

కొత్తల్లో నేను ప్రతి క్రోనానీ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ణి. కాఫీ తాగాలన్నా ఊళ్ళో ఇంటిల్లిపాదీ టిఫిన్ ఖర్చు కళ్ళముందు ఆడేది. అదే బుర్రతో కొండకీ బయల్దేరాను. స్టాక్‌హోం నుంచి ఉత్తరాన కొండకి దగ్గర్లో ఉన్న ఊరు కిరునాకి రాత్రి రైలు పదిహేను గంటల పైమాటే, అయినా బెర్తు దండగని సీటు తీసుకున్నాను. జూలై మొదట్లో ఉత్తరానికి పోయేకొద్దీ రాత్రి సరిగ్గా చీకటే పడదు, తెల్లారుజాము నుంచే ఎండ మొహాన కొడుతుంటే కూర్చుని నిద్రేం పడుతుంది? రిటర్న్ టికెట్ కూడా అన్నిటికంటే చవకది చూసి కొన్నాను, అంటే తేదీ మారదు, డబ్బు వెనక్కి రాదు. కాళ్ళకి సేల్‌లో దొరికిన స్పోర్ట్స్ షూస్, ఒంటికి జీన్స్. పైన రెస్టారెంటు ధరలు విన్నాక బ్యాగులో చిన్న కుక్కరు, సోనా మసూరి బియ్యం, గాజు సీసాలో ఆవకాయ కూడా పెట్టుకున్నాను. నవ్వకు, నువ్వూ ఇలాంటిదేదో చేస్తావు.

కిరునా నుంచి నిక్కలువోక్తా అనే పల్లెకి 66 కిలోమీటర్లు, బస్సుంది. అక్కడితో రోడ్డు అయిపోతుంది. కొండ కింద బస చేసే స్టేషన్‌కి ఇంకో 19 కిలోమీటర్లు నడకే. మధ్యలో సరస్సు మీద పడవ ఎక్కితే ఆరు కిలోమీటర్ల దాకా కలిసొస్తుంది, కానీ టికెట్ ధర చూసి నేను ఎక్కలేదు. కుక్కరు వీపుకి గుచ్చుకుంటుంటే బురదలో వేసిన చెక్కల మీద నడుస్తూ పోయాను. పక్కనే పడవలో పోతున్న ఒక ముసలాయన నాకు చెయ్యి కూడా ఊపాడు.

మర్నాడు పైనంతా మబ్బు. స్టేషన్‌లో వాళ్ళు ఇవాళ వద్దు, రేపు చూడమన్నారు. రేపు నా రైలు! టికెట్ డబ్బు పోతుందని బయల్దేరాను. స్టేషన్ దాదాపు 690 మీటర్ల ఎత్తులో ఉంది, శిఖరం 2,100కి కాస్త తక్కువ, తీసేస్తే 1,400 మీటర్లే కదా అని నా లెక్క. కానీ నేను పోయిన పడమటి దారిలో ముందు వియెర్రన్‌వారి అనే కొండ ఎక్కాలి, అదే 1,711 మీటర్లు. అది ఎక్కి హమ్మయ్య అనుకునేలోపు దారి 200 మీటర్ల దాకా కిందికి దిగుతుంది. ఆ లోయని కాఫెదాలెన్ అంటారు. దిగిందంతా మళ్ళీ ఎక్కాలి, తిరిగొచ్చేటప్పుడు వియెర్రన్‌వారి ఇంకోసారి ఎక్కాలి. మొత్తం మీద 1,800 మీటర్ల ఎక్కుడు, మామూలు మనిషికి రానూపోనూ పన్నెండు గంటలు వేసుకో.

నా షూ సంగతి ఆ లోయలోనే తేలింది. దారంతా రాళ్ళే, ముందువైపు అట్ట విడిపోయి అడుగు వేసినప్పుడల్లా నోరు తెరుస్తోంది. జాకెట్ టోపీ తాడు పీకి కట్టాను, అదీ ఎంతోసేపు ఆగలేదు. జీన్స్ తడిసి కాళ్ళకి అతుక్కుపోయింది. పొగమంచులో దారి చూపించే ఎర్ర గుర్తులు కూడా సరిగ్గా కనబడటం లేదు. నోరుమూసుకుని వెనక్కి తిరిగాను. కిందికొచ్చాక స్టేషన్ షాపులోనే బూట్లు కొన్నాను, అవి లేకపోతే నిక్కలువోక్తా దాకా నడవలేను మరి. బెర్తు, పడవ కలిపి మిగిల్చిందంతా ఆ ఒక్క బిల్లులో కొట్టుకుపోయింది.

తరవాత బుద్ధిగా వెళ్ళి ఎక్కాననుకో. మా ఆఫీసులో ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళలో కూడా చాలామంది ఎక్కలేదు, ఆ ఫోటో ఇప్పటికీ నా డెస్కు మీద ఉంది.

సరే, డబ్బు ఎక్కడ మిగలాలో చెప్తాను. ఫ్రితీద్స్‌బాంకెన్ అని చాలా ఊళ్ళలో ఉంటుంది, లైబ్రరీలో పుస్తకాలిచ్చినట్టు స్పోర్ట్స్ సామాన్లు, బ్యాక్‌ప్యాక్‌లు 14 రోజుల పాటు ఉచితంగా ఇస్తారు. బయట టెంటు వేసుకో, స్టేషన్ కిచెన్, స్నానం కావాలంటే కొంత కడితే సరిపోతుంది. నీళ్ళు వాగులోవే తాగొచ్చు. తిండికి అటుకులు, పులిహోర పొడి, ఇన్‌స్టంట్ ఉప్మా చాలు, కుక్కరు వద్దు బాబూ.

బూట్లు, వాన జాకెట్ దగ్గర మాత్రం పీనాసితనం చెయ్యకు. బూట్లు నెల ముందే కొని ఊళ్ళో తిరిగి కాళ్ళకి అలవాటు చేసుకో. తేదీ మార్చుకునే టికెట్టే కొను, చేతిలో ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉంచుకో. పడవ కూడా ఎక్కు, కనీసం వచ్చేటప్పుడు. తూర్పు దారి దగ్గరే కానీ హిమానీనదం మీదుగా పోవాలి, గైడ్ లేకుండా ఆ వైపు చూడొద్దు. పడమటి దారికి గైడ్ అక్కర్లేదు, కానీ కొండకున్న రెండు శిఖరాల్లో ఆ దారి చివర వచ్చే దక్షిణ శిఖరం మంచు ముద్ద, పక్కన లోయ. బూట్లకి ముళ్ళ పట్టీలు అద్దెకి తీసుకో.

అన్నట్టు అందరూ ఎక్కే ఆ దక్షిణ శిఖరం ఇప్పుడు స్వీడన్‌లో ఎత్తైనది కాదు. మంచు కరిగి కరిగి 2019లో స్టాక్‌హోం యూనివర్సిటీ వాళ్ళు కొలిచేసరికి రాతి శిఖరమైన ఉత్తరం కంటే 1.2 మీటర్లు తగ్గింది. ఉత్తరానిది 2,096.8. అక్కడికి సన్నటి అంచు మీద తాడు కట్టుకుని పోవాలి, ఈసారికి ఆ ఆశ పెట్టుకోకు. ఇంట్లోవాళ్ళకి మాత్రం దేశంలో అన్నిటికంటే ఎత్తైన చోటని చెప్పుకో, ఎవరూ కొలతలు అడగరు.

దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అమ్మావాళ్ళకి ముందే చెప్పి వెళ్ళు. జూలైలో వెళ్తే దోమల మందు కిరునాలోనే కొనుక్కో, మన ఇండియన్ షాపు ఓడోమాస్‌ని అక్కడి దోమలు లెక్కచెయ్యవు.