గ్లోమెరులస్ పొరలో చక్కెరలు వెతికే ముందు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

గొర్రె మూత్రపిండాల్లోంచి గ్లోమెరులస్ (రక్తాన్ని వడగట్టే సన్నని రక్తనాళాల ఉండ) ఆధార పొరను, అంటే ఆ వడపోత పొరను వేరుచేసి, అందులో చక్కెర ఎంత శాతం ఉందో తేలుస్తానని రాశావు. ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదమ్మా. ఆ పొరలో చక్కెరలు మూడు రకాలుగా అతుక్కుని ఉంటాయి. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదాన్ని పాడుచేస్తుంది. ఏది కావాలో ముందు తేల్చుకో.

మొదటి రకం: ఆ పొరలోని ప్రోటీన్ టైప్ 4 కొల్లాజెన్‌లో హైడ్రాక్సీలైసిన్ అనే అమైనో ఆమ్లం మీద గ్లూకోజ్, గెలాక్టోజ్ జంటగా ఉంటాయి. రాబర్ట్ స్పైరో 1967లో పశువుల మూత్రపిండాల మీద చేసిన పనిలో దీన్ని వివరంగా చూపించారు. ఆ బంధం క్షారానికి లొంగదు. 2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి ప్రోటీన్ మొత్తాన్ని ముక్కలు చేసినా ఆ జంట హైడ్రాక్సీలైసిన్‌ని వదలదు. రెండో రకం ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం మీద కొమ్మలుగా ఉండేవి: మానోజ్, గ్లూకోసమైన్, గెలాక్టోజ్, ఫ్యూకోజ్, చివర్లో సియాలిక్ ఆమ్లం. ఈ సియాలిక్ ఆమ్లాన్ని 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 80 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ముందే తీసుకో. బలమైన ఆమ్లంలో మరిగించాక వెతికితే దొరకదు. మూడోది హెపరాన్ సల్ఫేట్. ఎక్కువగా అగ్రిన్ అనే ప్రోటీన్‌కి సెరిన్ (అమైనో ఆమ్లం), జైలోజ్ (చక్కెర) కట్టుతో వేలాడే పొడవాటి గొలుసు ఇది. పలుచని క్షారానికే ఊడిపోతుంది.

ఇక గ్లోమెరులస్‌లను మిగతా కణజాలం నుంచి వేరుచేసే జల్లెడ పని. గ్లోమెరులస్ ఎలుకలో సుమారు 100 మైక్రాన్లు, మనిషిలో 200. గొర్రెవి నువ్వే మైక్రోస్కోప్ కింద కొలిచి మెష్ ఎంచుకో. ప్రతి జల్లెడ తర్వాతా ఒక చుక్క చూడు. మూత్రపిండంలోని నాళికల ముక్కలకూ సొంత ఆధార పొర ఉంటుంది. అది కలిసిందంటే తర్వాత ఏ రసాయనంతోనూ విడదీయలేవు. ఇక్కడ విసుగుపడితే ఆర్నెల్ల పని వృథా. సోనికేషన్ (ధ్వని తరంగాలతో కణాలను పగలగొట్టడం) చేసి కడిగిన నీళ్లు పారబోయకు, హెపరాన్ సల్ఫేట్ కొంత అందులోకే పోయి ఉండొచ్చు.

హెపరాన్ సల్ఫేట్‌ని కొలవడానికి డీఎంఎంబీ అనే రంగుతో చేసే పరీక్ష సులువే కానీ సల్ఫేట్ ఉన్న గొలుసులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది, డీఎన్‌ఏకీ రంగిస్తుంది. ముందు డీఎన్‌ఏని కోసే ఎంజైము డీఎన్‌ఏజ్ వెయ్యి. తర్వాత నమూనాను పంచి ఒక భాగానికి నైట్రస్ ఆమ్లం, ఒక భాగానికి కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసుల్ని కోసే ఎంజైము కాండ్రాయిటినేజ్ ఏబీసీ వేసి, దేనితో ఎంత రంగు తగ్గిందో చూడు. నైట్రస్ ఆమ్లంతో తగ్గింది హెపరాన్ సల్ఫేట్.

ఇంకో మాట. గెలాక్టోజ్ మొదటి రెండు రకాల్లోనూ ఉంది, గ్లూకోజ్ ఆ జంటలోనే. గ్లూకోజ్ లెక్క గెలాక్టోజ్‌ని దాటిందంటే డయాలిసిస్ ట్యూబు సెల్యులోజ్‌నో, కణాల గ్లైకోజెన్‌నో అనుమానించు. నమూనా లేని ఖాళీ గొట్టాన్నీ అన్ని దశలూ దాటించు.

థీసిస్ ముందుమాటలో "హెపరాన్ సల్ఫేట్ రుణావేశమే ఆల్బుమిన్‌ని (రక్తంలోని ప్రోటీన్) మూత్రంలోకి పోకుండా ఆపుతుంది" అని రాసేయాలని నీకు అనిపిస్తుంది. దానికి ఆధారం లేకపోలేదు: కన్వర్, ఫర్క్యుహర్‌ల బృందం 1980లో ఎంజైముతో ఆ గొలుసుల్ని తీసేస్తే ఫెర్రిటిన్ అనే పెద్ద ప్రోటీన్ పొరలోంచి జారిపోయింది. కానీ 2007లో పోడోసైట్లలో (ఆ పొరను బయటి వైపు కప్పి ఉండే కణాలు) అగ్రిన్ లేకుండా చేసిన ఎలుకల పొరలో ఆవేశం బాగా తగ్గినా వడపోత మాత్రం చెడలేదు. 2009లో అగ్రిన్‌తో పాటు పెర్లికాన్ అనే ఇంకో ప్రోటీన్ మీది హెపరాన్ సల్ఫేట్‌నీ తీసేసిన ఎలుకల్లోనూ అంతే. రెండు వైపుల వాదనలనూ థీసిస్‌లో రాయి. పరీక్షకులు అడిగేది అక్కడే.

మొదటి జల్లెడ ఫొటోలు పంపు, చూస్తాను.

మీ మాస్టారు