బస్తాల లెక్క ఎవరికి కావాలో అడుగు

చిరంజీవి చిన్నారికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మిర్చి యార్డులో తూకాలకూ బిల్లులకూ కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని, ఎవరికి ఏమి అవసరమో తెలుసుకునే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషంతో పాటు గుబులూ పుట్టింది.

కార్యదర్శినీ, కమీషన్ ఏజెంట్లనూ, ఖరీదుదారులనూ, రైతులనూ కలవాలని నీకు వేరే చెప్పనక్కరలేదు. 2016లో ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలైన తరువాత, అది అమలయ్యే యార్డుల్లో గేటు దగ్గరే లాట్ నంబరు ఇస్తున్నారు కదా, ఒక నంబరు పట్టుకుని సరుకు వెంట సాయంత్రం దాకా నడువు.

నేను అలా నడవలేదు. ఇరవై ఏళ్ల కిందట ఇటువంటి పనికే ఒక యార్డుకు వెళ్లి, కార్యదర్శి గదిలో ఫ్యాను కింద మూడు సమావేశాలు పెట్టాను. మార్కెట్ ఫీజు సరుకు విలువ మీద వసూలవుతుంది గనుక కార్యదర్శికి తూకమూ ధరా కావాలి. ఖరీదుదారుకు నికర బరువు కావాలి. కమీషన్ ఏజెంటుకు రైతు వాడుకున్న అప్పు మినహాయించి చూపాలి. బస్తాల సంఖ్య ఎవరూ అడగలేదు కాబట్టి తక్‌పట్టీలో, అంటే తూకమూ ధరా రాసే అమ్మకపు బిల్లులో, ఆ గడి తీసేశాను, కాగితం కలిసివస్తుందని గొప్పగా చెప్పుకున్నాను కూడా. అందరూ సంతకాలు పెట్టారు.

కొత్త బిల్లు వాడడం మొదలైన మూడో నాటి సాయంత్రం ముఠా మేస్త్రీ తక్‌పట్టీ నా చేతిలో పెట్టి, "మేం ఎన్ని బస్తాలు మోసినమో ఇందుల ఏది సారూ?" అని అడిగాడు. అక్కడ హమాలీకీ, తూకం వేసే దడవాయికీ కూలి బస్తా లెక్కన. లెక్క తేలక కాంటాలు ఆగిపోయాయి, చీకటి పడుతుండగా మబ్బు కమ్మి అరగంట వాన కురిసింది. తడిసిన మిర్చికి రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. షెడ్డులో చోటు దొరకని ఒక రైతు తువ్వాలు చుట్టుకుని, తన పంచె విప్పి బస్తాల మీద కప్పడం నేను వరండాలో నిలబడి చూశాను. మర్నాడు దడవాయి తన నోటుబుక్కు తెరిచి చూపించాడు: నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి, అంటే ఐదు బస్తాలు, కింద తూకాలు. ఆయన కాంటా మేము సమావేశమైన గది కిటికీ బయటే ఉండేది.

అందుకే, ఆన్‌లైన్ ఫారం పంపాను, జవాబులు వచ్చాయి అని నాతో అనకు, కోపం వస్తుంది. హమాలీలను పని వేళ పిలిస్తే వాళ్ల కూలి పోతుంది, ఖరీదుదారుల ముందు అడిగితే నోరు విప్పరు. పని అయ్యాక టీ బండి దగ్గర కూర్చో. చాట కూలీ చేసే ఆడవాళ్లను మరువకు. ఏమి కావాలని అడిగితే ఎవరూ చెప్పలేరు గాని, నిన్నటి తక్‌పట్టీ ముందు పెట్టి ఎక్కడ తేడా వచ్చిందని అడిగితే అందరూ చెబుతారు. కొత్త బిల్లు నమూనాను సంతకాలకు ముందే వాళ్లకు చూపించు, చదవలేని వారికి చదివి వినిపించు.

చిన్నప్పుడు పోపు ఘాటుకే నీకు ఉబ్బసం వచ్చేది. యార్డులో చున్నీ ముక్కుకు కట్టుకో, ఆ చేతులతో కళ్లు ముట్టుకోకు, ఇన్‌హేలర్ సంచిలోనే ఉంచుకో. నమూనా బిల్లు సిద్ధమవగానే నాకు ఒక ప్రతి పంపు, కళ్లద్దాలు మార్పించుకున్నాను.

నీ
పెదనాన్న