హన్నా అంటే ‘కృప’: పాపకు నిశ్చింతగా పెట్టుకోండి

పాపకు హన్నా అని పెడదామంటే దానికి అర్థమేమీ లేదని ఇంట్లో అంటున్నారని, పైగా మరీ అందరికీ ఉన్న పేరేమోనని అడిగారు కదా. అర్థం లేకపోవడమేంటండీ! హీబ్రూలో హన్నా అంటే కృప, దయ, అనుగ్రహం. యోహాను, హనన్య పేర్లు కూడా ఈ ధాతువు నుంచే వచ్చాయి.

బైబిల్లో సమూయేలు ప్రవక్త తల్లి పేరు ఇదే. పిల్లలు లేక ఎన్నో ఏళ్లు ఏడ్చిన ఆమె పెదవులు మాత్రమే కదులుతూ మాట బయటికి రాకుండా ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ చూసి తాగి ఉందనుకున్నాడు. ఆ తర్వాత పుట్టినవాడే సమూయేలు. ఈ ఒక్క కథ ఇంట్లో చెప్పి చూడండి, నాకైతే ఇంతకన్నా మంచి కారణం కనిపించదు.

ఇక ఎంతమందికి ఉందంటే, అమెరికాలో 1998 నుంచి 2000 వరకు ఆడపిల్లల పేర్లలో ఇది రెండో స్థానంలో ఉంది. తర్వాత కిందికి దిగింది కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

స్పెల్లింగ్‌లో చివర హెచ్ ఉంచండి. హీబ్రూలో ఈ పేరుకు ఖేత్, నూన్, హే అని మూడే అక్షరాలు, ఆ చివరి ‘హే’కి గుర్తే ఈ హెచ్. అది ఉంటే ఇంగ్లీషులో ఎటు నుంచి చదివినా ఒకటే పేరు. గ్రీకు రూపం అన్నా కూడా ఉంది కానీ తెలుగులో పిలిస్తే ‘అన్నా’ అని అన్నయ్యను పిలిచినట్టే ఉంటుంది, అందుకే హన్నాయే నయం.